నవోషిమానా, షోదోషిమానా?

జపాన్‌లోని తకమత్సు రేవు నుంచి రెండు దీవులకూ ఫెర్రీలు ఉన్నాయి. నవోషిమాకు 50 నిమిషాలు, షోదోషిమాకు గంట. చేతిలో ఒక్క రోజే ఉంటే ఏది?

తిరగడం: నవోషిమా చిన్నది, సైకిల్ చాలు. షోదోషిమా పెద్దది, కారు లేకపోతే బస్సు టైముల టెన్షన్ తప్పదు.

ఖర్చు: నవోషిమాలో మ్యూజియం టికెట్లు జేబు ఖాళీ చేస్తాయి. షోదోషిమాలో కారు అద్దె.

చూసేవి: 1917 నుంచి రాగి కరిగిస్తున్న నవోషిమా ఇప్పుడు కళల దీవి కూడా. ఆర్కిటెక్ట్ తదావో అందో డిజైన్ చేసిన చిచూ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే కలువల చిత్రాలున్నాయి. జపాన్ కళాకారిణి కుసామా చేసిన పసుపు గుమ్మడికాయ శిల్పం 2021 తుపానుకి సముద్రంలోకి కొట్టుకుపోయింది, 2022లో మళ్లీ పెట్టారు. షోదోషిమాలో కంకకేయి లోయ, ఆటు వేళ మాత్రమే తేలే ఇసుక దారి.

తిండి: ఇక్కడ షోదోషిమాదే పైచేయి. 1908 నుంచి ఆలివ్ తోటలు, సన్నటి సోమెన్ నూడుల్స్, పెద్ద పెద్ద కొయ్య పీపాల్లో నెలల తరబడి ఊరే సోయా సాస్. ఆ కొట్ల వాసన మన ఆవకాయ జాడీల గదిని గుర్తుచేస్తుంది. శాకాహారులు జాగ్రత్త, సోమెన్ పులుసులో తరచూ చేప రసం ఉంటుంది.

రిస్క్: నవోషిమా మ్యూజియాలు చాలావరకు సోమవారం మూత. చిచూకి ముందే బుక్ చేసుకోవాలి. షోదోషిమాలో ఆటుపోట్ల వేళలు చూసుకోవాలి.

కళలంటే ఇష్టం, ఒంటరి ప్రయాణం అయితే నవోషిమా. పిల్లాపాపలతో, కారుతో వెళ్తే షోదోషిమా, వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండండి.