తిరుపతిలో దిగుమతి వైట్ వైన్ కొనేవారికి హెచ్చరిక: బిరడా, రంగు, సంవత్సరం చూడకుండా డబ్బు కట్టవద్దు

మే నెలాఖరులో మా బావగారి పదవీ విరమణ విందు కోసం తిరుపతిలోని ఒక మద్యం దుకాణంలో అర్జెంటీనా వైట్ వైన్ సీసాలు రెండు, ఒక్కొక్కటి 3,200 రూపాయల చొప్పున కొన్నాను. తెరిచిన సీసా పూర్తిగా పాడైపోయి ఉంది. ఫిర్యాదు ఇంకా తేలలేదు కనుక దుకాణం పేరు రాయడం లేదు. అయితే ఇదే పొరపాటు మరొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

అది సాల్టా రాష్ట్రంలోని కఫాయాతే లోయలో పండే టొర్రొంతేస్ ద్రాక్షతో చేసిన వైన్. మన హార్స్‌లీ కొండ 1,200 మీటర్లకు కాస్త పైన ఉంటే, ఆ లోయలోని తోటలు సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంటాయి. అదే రాష్ట్రంలో 3,000 మీటర్లు దాటిన తోటలూ ఉన్నాయి. పగలు ఎండ తీవ్రంగా కాసినా రాత్రి బాగా చల్లబడడం వల్ల పండులోని పులుపు నిలిచి, మల్లె, గులాబీ, నారింజ తొక్కలను తలపించే సువాసన వైన్‌కు వస్తుంది. మనం అంత ధర చెల్లించేది ఆ తాజాదనానికే. సాధారణంగా ఈ రకాన్ని తయారైన రెండు మూడేళ్లలోపే తాగాలి.

నాకు అమ్మిన సీసా మీద 2018 అని ఉంది. నేను గమనించలేదు, అది నా తప్పే. "ఇది కొండ ద్రాక్షది సార్, ఎన్నాళ్లున్నా చెడదు" అని అమ్మకందారు చెప్పిన మాట నమ్మాను. ఇంటికి వచ్చి పైరేకు విప్పితే లోపల జిగట పట్టి ఉంది, కార్కు బిరడా సీసా అంచు దాటి గోరు మందాన పైకి పొడుచుకొని వచ్చింది. లేత నిమ్మరంగులో ఉండవలసిన వైన్ పల్చటి టీ డికాషన్‌లా పోసింది. మల్లె వాసన మాట అటుంచి, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన వచ్చింది. వేడికి లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను నెడుతుంది, ఆ సందులోంచి గాలి చేరి వైన్ రంగు, వాసన మారిపోతాయి. మర్నాడు వెళ్లి చూస్తే, మిగతా సీసాలు పడమటి ఎండ పడే అద్దాల అరలో నిలబెట్టి ఉన్నాయి. నాకు ఇచ్చే ముందు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చారు, అందుకే అనుమానం రాలేదు.

మన ఊళ్లలో వైన్ షాపు అంటే మద్యం దుకాణమే తప్ప వైన్‌ను చల్లగా, చీకటిగా నిల్వ చేసే చోటు కాదు. కాబట్టి సీసాను వెలుతురుకు పట్టి రంగు చూడండి. బిరడా ఉబ్బిందేమో రేకు మీద వేలితో తడిమి చూడండి, సీసా మెడ దగ్గర వైన్ మట్టం తగ్గిందేమో గమనించండి. దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న లేబుల్ లేకపోతే తీసుకోవద్దు. బిల్లు తప్పనిసరిగా అడగండి.

తెరిచిన సీసా వెనక్కి తీసుకోబోమని దుకాణం వారు తేల్చి చెప్పడంతో, బిల్లు, ఫొటోలు జతచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, అంటే 1915కు, ఫిర్యాదు చేశాను. రెండో సీసా బిరడా కూడా అలాగే ఉబ్బి ఉంది. సాక్ష్యంగా దానిని తెరవకుండా ఉంచాను.