1906 నాటి లేసు ఫుట్‌బాల్ శివాజీనగర్‌లో: కుట్టు బాగుంది, బ్లాడర్ విషయం ముందే మాట్లాడుకోండి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తి, విసిరి ఆడే ఆట) తొలినాళ్లలో వాడిన లావుపాటి తోలు బంతిని బెంగళూరు శివాజీనగర్‌లో ఒక చిన్న తోలు షాపు ఆర్డర్ మీద కుట్టిస్తోంది. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే అయితే ఇంత ఖర్చు అక్కర్లేదు. విసిరి చూసేవాళ్లు మాత్రం తప్పకుండా తీసుకోవాలి.

బంతిని ముందుకు విసరడానికి రూలు ఒప్పుకున్నది 1906లో. ఆ సీజన్‌లో దాన్ని బాగా వాడుకున్న జట్టు సెయింట్ లూయిస్ యూనివర్సిటీ. ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచింది, మొత్తం స్కోరు 407–11. సెప్టెంబరు 5న కారల్ కాలేజీతో ఆటలో బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన మొదటి పాస్ ఎవరికీ అందక నేలపాలైంది, ఆనాటి రూలు ప్రకారం బంతి అవతలి జట్టుకు పోయింది. తర్వాతి పాస్ జాక్ ష్నైడర్‌కి అంది టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి చేసే స్కోరు) అయింది. కోచ్ ఎడ్డీ కోకెమ్స్ నేర్పిన పట్టులో కీలకమంతా లేసుదే. బంతి సన్నబడే కొస దగ్గర, చివరి రెండు లేసు వరసల మధ్య వేళ్లు పెట్టి, మణికట్టు తిప్పుతూ వదలాలి. ఈ బంతిలో ఆ పట్టు కుదురుతుంది. లేసు ఉబ్బెత్తుగా ఉండి వేలికొనలు గట్టిగా ఆనుతాయి.

కొలతలు రూలు పుస్తకంలోకి ఎక్కింది 1912లో: పొడవు వైపు చుట్టుకొలత 28 నుంచి 28½ అంగుళాలు, నడుం చుట్టూ 22½ నుంచి 23, బరువు 14–15 ఔన్సులు, అంటే దాదాపు 400–425 గ్రాములు. ఇప్పటి కాలేజీ బంతి నడుం 21 అంగుళాల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ తేడాకే లావుపాటి పాత బంతి మీద బొటనవేలు జారి, బంతి గాల్లో తూలుతుంది. షాపు బంతికి టేపు పెడితే 28, 22¾ వచ్చాయి. బరువు మాత్రం 450 గ్రాములు, ఎందుకంటే లోపల కాన్వాస్ రెండు పొరలు వేశారు. ఒక పొర చాలని చెప్పండి. అసలే వద్దనకండి, తోలు సాగి నడుం ఉబ్బిపోతుంది.

తోలు వెజిటబుల్ టాన్ (చెట్ల బెరడు రసంతో పదును చేసిన) ఆవు తోలు, నాలుగు ముక్కలు. పొట్ట భాగం తోలు కలిస్తే ఆ వైపు ఎక్కువ సాగి బంతి వంకరవుతుంది. ఇక్కడి పెద్దాయన ప్రతి ముక్కనూ చేత్తో లాగి చూసి, వీపు తోలునే జత కలుపుతారు. మైనం పట్టించిన దారంతో కుట్లు దగ్గరదగ్గరగా పడ్డాయి. ఈ పనికి వంక పెట్టలేం.

చిక్కంతా బ్లాడర్‌తోనే, అంటే బంతి లోపలి గాలి సంచితో. షాపు వేసేదానికి కాడ (గాలి కొట్టే గొట్టం) పొట్టి. గాలి కొట్టాక కాడను మడిచి, దారంతో బిగించి, లేసు కిందుండే తోలు నాలుక కిందికి తోయాలి. పొట్టి కాడకి మడత నిలవక మర్నాటికే గాలి దిగిపోతుంది. పొడుగు కాడది వేయమని అడగండి. వేసేముందు బ్లాడర్‌కి టాల్కమ్ పౌడర్ రాయకపోతే కాన్వాస్‌కి అతుక్కుని మడత దగ్గర చిరుగుతుంది. సగం గాలి కొట్టి, బంతిని అటూ ఇటూ దొర్లించి మడతలు పోయాకే మిగతాది నింపాలి. లేసు బిగించడానికి మొన మొద్దుబారిన ఆరె (తోలు పనివాళ్ల సూది) వాడండి. పదునైనదైతే బ్లాడర్‌లో దిగుతుంది.

వానలో ఆడొద్దు. తోలు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, లేసు జారుతుంది. తడిస్తే కొంచెం గాలి తీసి నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే తోలు పెళుసెక్కి కుట్ల వెంట పగులుతుంది. ఆరాక కుట్ల మీద డబ్బిన్ (తోలుకు రాసే మైనం, కొవ్వు కలిసిన లేపనం) పల్చగా రాస్తే చాలు.

ధర ₹3,500, చేతికి రావడానికి రెండు వారాలు. షాపులో తెలుగు నడుస్తుంది. లేసు రంధ్రాలు ఎంతదాకా రావాలో కాగితం మీద గీసి ఇవ్వండి, ఇంకో బ్లాడర్ కూడా ఆ ఆర్డర్‌లోనే చెప్పండి.