పాత కంప్యూటర్ తుక్కు బండికా, ఎక్స్ఛేంజ్‌కా, రీసైక్లర్‌కా?

పోయిన వేసవిలో అమ్మ ఇల్లు సర్దుతుంటే అటక మీంచి ఒక్కొక్కటే దిగాయి. నాన్న వాడిన డెస్క్‌టాప్, డబ్బాలాంటి పాత మానిటర్, రెండు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు, ఓ సంచీడు చార్జర్లు. సరిగ్గా అప్పుడే "పాత ఇనప సామాన్లు, పాత కంప్యూటర్లు కొంటాం" అని మైకులో రికార్డు వేసుకుంటూ వీధిలోకి ఆటో వచ్చింది. అన్నీ తూకానికి ఇచ్చేద్దాం, పీడా పోతుంది అంది అమ్మ. నేను పట్టుబట్టి ఆపాను.

తుక్కు బండితో సుఖం ఉంది, కాదనను. గుమ్మం ముందుకే వస్తాడు, చేతిలో డబ్బు పెడతాడు. ఎండలో తిరిగి పొట్ట పోసుకునే ఆ మనిషి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఇనప బీరువా, అల్యూమినియం గిన్నెలు అతనికే ఇస్తాను. కంప్యూటర్ విషయంలో నా భయమల్లా ఆ సరుకు తర్వాత ఎక్కడికి పోతుందన్నదే. ఊరి చివర ఒక తుక్కు గోదాము వెనక సాయంత్రం పూట వైర్ల కుప్ప తగలబెట్టడం చూశాను. రాగి ఉంటుంది కాబట్టి మంట అంచులు ఆకుపచ్చగా లేస్తాయి. ముక్కుకు తువ్వాలు కట్టుకున్న కుర్రాడొకడు కర్రతో ఆ కుప్పను కెలుకుతున్నాడు. వైరు మీది పీవీసీ ప్లాస్టిక్ తొడుగు అలా కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. సర్క్యూట్ బోర్డుల్లోని కాస్త బంగారం కోసం వాటిని యాసిడ్‌లో నానబెట్టి, మిగిలిన నీళ్లు కాలవలోకి వదిలేసే చోట్లూ ఉన్నాయి. పాత మానిటర్‌దీ అదే కథ. లోపలి పిక్చర్ ట్యూబు మెడ దగ్గరున్న రాగి చుట్ట కోసం ఆ గొట్టాన్ని పగలగొడతారు, సీసం కలిసిన గాజు పెంకులు మట్టిలో మిగిలిపోతాయి.

ఎక్స్ఛేంజ్, అంటే పాతది ఇచ్చి కొత్తదాని ధరలో తగ్గించుకోవడం, దాని సంగతి వేరు. ఆన్ అయ్యే ఫోనుకు, తెర పగలని ల్యాప్‌టాప్‌కు అది మంచి దారే. కాకపోతే ముందు సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ఒక ధర అడిగి చూడండి. హైదరాబాద్‌లో ఉంటే ఫోన్లకు అబిడ్స్ జగదీశ్ మార్కెట్, కంప్యూటర్లకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉన్నాయి.

పనిచేసేదాన్ని ఇంకొకరి చేత వాడించడం అన్నిటికన్నా మేలని నా గట్టి నమ్మకం. ల్యాప్‌టాప్ వల్ల వెలువడే కార్బన్‌లో ఎక్కువ భాగం దాని తయారీలోనే అయిపోతుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయిందని ఎంతోమంది బాగున్న మెషీన్లను మూలన పడేస్తున్నారు. మా ల్యాప్‌టాప్‌ల్లో ఒకదానికి పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ ఎక్కించి, పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయికి ఇచ్చాను. ప్రాజెక్టు రిపోర్టులు దాని మీదే టైపు చేసుకుంటోంది. అలాగని పాడైపోయినవి దానం పేరుతో ఆశ్రమాలకు పంపకండి. అది మన చెత్తను వాళ్లింట్లో పోయడమే.

ఇక చచ్చిన సరుకు. దానికి నమోదైన రీసైక్లరే సరి. డబ్బు తక్కువ వస్తుంది, ఒక్కోసారి అసలే రాదు. ఒక్క కీబోర్డు కోసం బండి పంపరు, కొంత బరువు పోగవ్వాలి. అయినా బోర్డులు, గాజు, బ్యాటరీలు వేటికవి విడిపోయి సరైన చోటికి చేరే అవకాశం అక్కడే ఉంది. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఈ-చెత్త పోగైతే, లెక్కప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి. రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. బోర్డు మీద 'ఈ-వేస్ట్' అని రాసుకున్న ప్రతివాడూ రీసైక్లర్ కాడు. రిజిస్ట్రేషన్ అడగండి, రసీదు తీసుకోండి.

ఎవరికిచ్చినా డేటా సంగతి ముందు చూసుకోవాలి. డిలీట్ కొడితే ఫైలు చిరునామా పోతుంది గానీ ఫైలు డిస్కులోనే ఉంటుంది. నాన్న డెస్క్‌టాప్ పక్క తలుపు తీసి, దుమ్ము ఊది, నాలుగు స్క్రూలు విప్పి హార్డ్ డిస్క్ బయటికి తీశాను. అందులో చెల్లి పెళ్లి ఫొటోలు, నాన్న ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలు, పాన్ కార్డు స్కాన్ అన్నీ ఉన్నాయి. కాపీ చేసుకున్నాక 'క్విక్' టిక్కు తీసేసి డిస్కంతా తుడిచే పూర్తి ఫార్మాట్ పెట్టాను, గంటలు పట్టింది. ఫోన్లయితే గూగుల్ ఖాతా తీసేశాకే రీసెట్ చేయండి. ఐఫోన్‌లో పోయిన ఫోను వెతికిపెట్టే 'ఫైండ్ మై' ఆపండి.

రెండో ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంది, అంటే కింద బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని నొక్కకూడదు, పొడవకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. మున్సిపాలిటీ చెత్త బండిలో అసలే వేయకూడదు, నలిగితే అంటుకుంటుంది. రీసైక్లర్ బండి వచ్చేదాకా బాల్కనీలో పొడి ఇసుక బకెట్లో పెట్టాను. ఇన్వర్టర్ బ్యాటరీని మాత్రం బ్యాటరీ షాపులోనే తిరిగి ఇవ్వండి, కొత్తదాని ధరలో తగ్గిస్తారు.

బరువు చాలకపోతే ఒక్కరే ఆగక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ గది పక్కన పెద్ద అట్టపెట్టె పెట్టి, చార్జర్లు, రిమోట్లు, మౌసులు అందులో వేయమన్నాం. ఉబ్బిన బ్యాటరీలు విడిగా ఇవ్వమని దాని మీద స్కెచ్ పెన్నుతో రాశాను. నెలన్నరలో నిండింది.