లాక్‌హార్ట్ బ్రిస్కెటా, ఏడెన్ పంది మాంసమా: ఏది మేలు?

అమెరికాలో బార్బెక్యూ అంటే టెక్సాస్‌దే అని డాలస్‌లో ఉండే మావాళ్లు తేల్చిపారేస్తారు. నా ఓటు మాత్రం నార్త్ కరోలినాకే.

అలాగని టెక్సాస్‌ను తీసిపారేయలేం. మధ్య టెక్సాస్‌లో అసలు సరుకు బ్రిస్కెట్, అంటే ఎద్దు రొమ్ము మాంసం. మొండి కండ అది. ఉప్పు, మిరియాల పొడి పట్టించి, ఓక్ కట్టె పొగలో పది పన్నెండు గంటలు సన్నసెగన ఉంచితే గానీ దారికి రాదు. జర్మన్, చెక్ వలసదారుల మాంసం కొట్లలో పుట్టిన అలవాటు కాబట్టి ఇప్పటికీ తూకం వేసి కాగితంలోనే పెట్టిస్తారు. అక్కడి లాక్‌హార్ట్ అనే ఊళ్లో 1900లో మొదలైన క్రైట్స్ మార్కెట్ కథ భలేగా ఉంటుంది. 1999లో కుటుంబంలో తేడాలొచ్చి కొట్టు కొత్తచోటికి మారినప్పుడు, పాత పొయ్యిలోని నిప్పుల్ని తొట్టిలో వేసి వీధి వెంట ఈడ్చుకెళ్లారు. పాత భవనంలో స్మిటీస్ అనే మరో కొట్టు వెలిసింది. ఆస్తి పంపకాల్లో నిప్పుకి కూడా వాటా అన్నమాట!

రుచికొస్తే, నాలుగు ముక్కలయ్యేసరికి ఆ కొవ్వు నాకు వెగటు పుడుతుంది. పులుపు తగలకపోతే ముద్ద దిగని నోరు మరి.

ఆ పులుపు నార్త్ కరోలినా తూర్పు భాగంలో ఉంది. అక్కడి ఏడెన్ ఊళ్లోని స్కైలైట్ ఇన్ అనే బార్బెక్యూ హోటల్ 1947 నాటిది. పందిని మొత్తంగా కట్టె నిప్పుల సెగన గంటల తరబడి కాల్చి, పెద్ద కత్తులతో కైమాలా కొట్టి, కరకరలాడే చర్మాన్ని కూడా అందులోనే కలిపేస్తారు. పైన వెనిగర్, మిరప ఘాటు. పక్కన మొక్కజొన్న రొట్టె. ఎంత తిన్నా ఇంకాస్త తినాలనే ఉంటుంది. అదే రాష్ట్రంలో పడమరగా లెక్సింగ్టన్‌కి వెళ్తే పంది భుజం మాంసం ఒక్కటే వాడతారు, సాస్‌లో కెచప్ కలుపుతారు. పులుసులో బెల్లం వేయాలా వద్దా అని మనం పడే గొడవ లాంటిదే వాళ్లదీను.

ఇక క్యూలు. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఫ్రాంక్లిన్ అనే బార్బెక్యూ హోటల్ లాంటి చోట 11 గంటలకు తలుపు తీస్తే, జనం పొద్దున్నే కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. నాకంత ఓపిక లేదు.

బీఫ్ తిననివాళ్లు టెక్సాస్‌లో టర్కీ కోడి అడగండి. సాసేజ్‌లో కూడా చాలాచోట్ల బీఫే ఉంటుంది, కనుక్కోకుండా తినొద్దు. పంది కూడా వద్దనుకుంటే అలబామాలోని డికేటర్ వెళ్లాలి. అక్కడ 1925 నాటి బిగ్ బాబ్ గిబ్సన్ హోటల్లో కాల్చిన కోడిని మయొనీజ్‌తో చేసిన తెల్ల సాస్‌లో ముంచి ఇస్తారు. మయొనీజ్ అనగానే మొహం చిట్లించకండి, అందులోనూ వెనిగర్ పులుపుంది.