ఎముక ద్వారా వినిపించే మిషన్: ఏళ్లుగా వాడాక నా అనుభవం

నాకు పుట్టుకతోనే రెండు చెవుల రంధ్రాలూ మూసుకుపోయి ఉన్నాయి. లోపల శబ్దాన్ని లోచెవికి అందించే చిన్న ఎముకల్లో రెండు, కూటకం, దాగలి, ఒకదానికొకటి అతుక్కుపోయాయని సీటీ స్కాన్‌లో తేలింది. లోచెవీ, నరమూ మాత్రం బాగున్నాయి. చెవిలో పెట్టే మిషన్‌కు దారే లేదు కాబట్టి, ఆడియాలజిస్ట్ రాసిన హెడ్‌బ్యాండ్ బోన్ కండక్షన్ మిషన్‌నే ఏళ్లుగా వాడుతున్నాను. మైకు పట్టిన మాటను ఇది కంపనంగా మార్చి చెవి వెనక ఎముకకు ఇస్తుంది, ఎముక నేరుగా లోచెవికి చేరవేస్తుంది.

ఇలాంటి చెవుడు ఉన్నవాళ్లకు తమ గొంతు తమకు గట్టిగానే వినిపిస్తుంది. అందుకే నేను మెల్లగా మాట్లాడతాను. "ఏందే, మాట నోట్లనే మింగుతున్నవ్" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. నమిలే చప్పుడూ అంతే. సంక్రాంతికి సకినం కొరికితే ఆ కరకరలో పక్కవాళ్ల మాటలన్నీ కలిసిపోయేవి. ఇప్పుడు తింటూనే, ఎవరి మొహమూ చూడకుండానే ముచ్చట అందుకుంటున్నాను. ఈ ఒక్కదానికే ఈ మిషన్ అంటే నాకు ప్రాణం.

ఇబ్బందులూ ఉన్నాయి. మే నెల వరంగల్ ఎండకు బ్యాండ్ చెమటతో తడిసి దురద పెడుతుంది. బిగిస్తే చెవి వెనక కందిపోతుంది, వదులు చేస్తే మాట పలచబడుతుంది. కాసేపటికోసారి కొద్దిగా పక్కకు జరుపుతుంటాను, మార్చుకోవడానికి రెండో బ్యాండ్ ఉంచుకున్నాను. దిండుకు ఆనితే కూత పెడుతుంది. స, ష లాంటి సన్నటి శబ్దాలు చర్మం దగ్గరే కొంత తగ్గిపోతాయి. ఎముకలో టైటానియం స్క్రూ బిగించి దానికి తగిలిస్తే అవి ఇంకా స్పష్టంగా వస్తాయి, కానీ ఆపరేషన్‌కు నేనింకా సిద్ధపడలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది దిక్కు తెలియకపోవడం. ఒక్క మిషన్ కంపనమే పుర్రె మీదుగా రెండు లోచెవులకూ పోతుంది. హన్మకొండ చౌరస్తాలో హారన్ వినిపిస్తుంది, ఎటునుంచి వస్తుందో మాత్రం అర్థం కాదు. రోడ్డు దాటేటప్పుడు కళ్లనే నమ్ముకుంటాను.

ఈ మిషన్‌కు గాలి తగిలితే పనిచేసే చిన్న సెల్ (బ్యాటరీ) వేస్తాం. అది మార్చేటప్పుడు కొత్త సెల్ మీది స్టిక్కర్ తీసి ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయండి, బాగా పనిచేస్తుంది.

చెవి మూసుకుపోయి పుట్టిన పాప ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. "పెద్దయ్యాక చూద్దాం" అని ఎవరన్నా ఆగకండి. బేరా పరీక్ష (శబ్దానికి వినికిడి నరం ఎలా స్పందిస్తుందో చూసేది) ఎముక ద్వారా కూడా చేయమని అడగండి. లోచెవి పనిచేస్తుంటే కొద్ది నెలల వయసులోనే మెత్తటి బ్యాండ్‌తో మొదలుపెట్టవచ్చు. స్క్రూ ఆపరేషన్‌కు సాధారణంగా 5 ఏళ్లు నిండాలంటారు, మాటలు నేర్చే వయసు అప్పటికే చాలావరకు గడిచిపోతుంది.

ధర మామూలు మిషన్ కంటే చాలా ఎక్కువ. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను, ఈసారి రెండు వైపులకూ.