పైకప్పు లైటుకు ప్యానెలా, ట్యూబా, హోల్డరా?

మా హాల్లో పైకప్పుకున్న పాత ట్యూబ్‌లైట్ పట్టీని పోయిన నెల తీసేసి, అదే చోట మామూలు బల్బు హోల్డర్ బిగించాను. అనంతపురంలో మా వీధిలో ఇప్పుడు ఎవరు లైటు మార్చినా పైకప్పుకు అతికినట్టుండే తెల్లటి గుండ్రటి ఎల్ఈడీ ప్యానెలే పెట్టుకుంటున్నారు కాబట్టి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ పైకి చూసి మీరెందుకు ప్యానెల్ పెట్టలేదని అడుగుతున్నారు. మా పిన్ని కొడుకైతే ఫోన్ చేసి మరీ "అన్నా, మా ఇంట్లో కూడా మార్చాల, ఏది మేలో చెప్పు" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

వెలుతురు లెక్కకైతే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది, నాలుగడుగుల 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్ 2000 దాకా ఇస్తుంది, 15 వాట్ల ప్యానెల్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ప్యానెల్ వెలుతురు కళ్ళలో గుచ్చుకోదు, గది అంతా సమానంగా పరుచుకుంటుంది, చూడ్డానికీ బాగుంటుంది. అది ఒప్పుకోవాల్సిందే. కరెంటు ఖర్చు గురించి ఆలోచించే పనే లేదు, పాత 40 వాట్ల ట్యూబూ దాని చోకూ కలిపి కాల్చిన దాంట్లో ఇవేవీ సగం కూడా కాల్చవు.

నేను చూసేది ఒకటే. ఆ లైటు పోయిన రోజు మళ్ళీ నిచ్చెన మీద నిలబడి తీగలు విప్పాలా, వద్దా?

ఎల్ఈడీ లైట్లలో చాలాసార్లు ముందు పోయేది లోపలి డ్రైవరే, అంటే ఇంటి కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే చిన్న సర్క్యూట్. దానికి శత్రువు వేడి. వేడి పది డిగ్రీలు పెరిగితే డ్రైవర్‌లోని కెపాసిటర్ల ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మా ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు స్లాబు రాత్రి పదింటికి చెయ్యి పెట్టినా కాలుతున్నట్టే ఉంటుంది, ప్యానెల్ సరిగ్గా దానికే అతుక్కుని ఉంటుంది. బల్బులోనూ డ్రైవర్ ఉంటుంది, అదీ పోతుంది, కాదనను. కానీ పోయినప్పుడు స్విచ్ ఆపి, చల్లారాక తిప్పి తీసి కొత్తది పెడితే పని అయిపోయింది. ప్యానెల్ అయితే తీగలు విప్పాలి, కొత్తవి చుట్టాలి. పాత ఇళ్ళలో అల్యూమినియం తీగలుంటాయి, రెండు మూడు సార్లు వంచితే తెగుతాయి, తెగిన ప్రతిసారీ పైప్‌లో నుంచి బయటికొచ్చే తీగ పొట్టిదైపోతుంది. మా పాత పట్టీ విప్పినప్పుడు నాకు మిగిలింది రెండంగుళాలే.

ఇంకో సంగతి, ఇది ఏ లైటు పెట్టుకునేవాళ్ళకైనా. మా తమ్ముడు "స్విచ్ ఆపినా కదన్నా, ఇంగేం భయం" అన్నాడు. పాత వైరింగుల్లో ఒక్కోచోట ఫేజ్ (కరెంటు తెచ్చే తీగ) బదులు న్యూట్రల్ (తిరిగి వెళ్ళే తీగ)ను స్విచ్‌కు ఇచ్చి ఉంటారు, స్విచ్ ఆపినా పైన హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది. స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ బల్బు మినుకుమినుకుమని వెలుగుతుంటే ఈ అనుమానం పెట్టుకోవాలి (స్విచ్‌లో చిన్న ఎర్ర దీపం ఉన్నా అలా జరుగుతుంది). సరే, మెయిన్ ఎం.సి.బి. దించేద్దాం అంటారా? అక్కడే నేను దెబ్బతిన్నాను. మెయిన్ దించగానే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని లేస్తుంది, లైట్ల లైనుకు మళ్ళీ 230 వోల్టులు పంపిస్తుంది. రెండేళ్ళ కింద మెయిన్ దించాననే ధైర్యంతో స్టూలెక్కి తీగ పట్టుకుంటే మోచేతి దాకా కొట్టింది, పడకుండా మా ఆవిడ పట్టుకుంది. ఇన్వర్టర్ స్విచ్ ఒక్కటి ఆపినా చాలదు, చాలా వాటిలో మెయిన్ కరెంటు లోపలి నుంచి నేరుగా వెళ్ళిపోతుంటుంది. కాబట్టి ముందు మెయిన్, తర్వాత ఇన్వర్టర్, రెండూ ఆపాలి. పక్క గదుల్లో ఫ్యాన్లు కూడా ఆగాయో లేదో చూసుకోవాలి. టెస్టర్‌ను ముందే పనిచేసే ప్లగ్గులో పెట్టి దీపం వెలుగుతోందని చూసుకుని, పైకెక్కాక రెండు తీగలకూ తగిలించాలి. పట్టపగలు ఆ చిన్న వెలుగు కనబడదు, చేత్తో నీడ పట్టండి. ఎక్కడానికి ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దే వద్దు.

ఇన్ని జాగ్రత్తలు పడాల్సిన పనిని రెండు మూడేళ్ళకోసారి చేయించే లైటు నాకొద్దు, అందుకే పైకప్పుకు హోల్డర్. ఒక్క బల్బుతో హాలుకు వెలుతురు చాలదు, నిజమే. దానికి గోడకు, చెయ్యి అందే ఎత్తులో ఎల్ఈడీ ట్యూబ్ పెట్టాను. తీగలను మెలిపెట్టి టేపు చుట్టకుండా స్క్రూలుండే చిన్న కనెక్టర్‌లో బిగించాను, ఈ ఎండలకు టేపు జిగురు కారిపోతుంది. బండల మిద్దెలున్నవాళ్ళకైతే వేరే దారి కూడా లేదు, పై బండకు రంధ్రం కొట్టకూడదు, గోడకో దూలానికో బిగించుకోవాల్సిందే.

పాత పట్టీలోనే చోక్, స్టార్టర్ తీసేసి ఎల్ఈడీ ట్యూబ్ వేసుకోవచ్చు. పట్టీ తుప్పు పట్టకపోతే, ట్యూబ్ మీద ఇచ్చిన బొమ్మ ప్రకారం తీగలు మార్చగలిగితే మంచిదే. ఫాల్స్ సీలింగ్‌లో పెట్టే లైట్లు దాంతో పాటే వస్తాయి, విడిగా ఆలోచించక్కర్లేదు.

మా తమ్ముడు హాలుకు హోల్డర్ పెట్టుకున్నాడు, పడకగదికి మాత్రం ప్యానెలే తెచ్చుకున్నాడు. వాళ్ళది కింది అంతస్తు, పైకప్పు అంత కాలదు, సరేనన్నాను. కనెక్టర్ పెట్టి బిగించమని, ఇన్వర్టర్ ఆపాక నాకు ఫోన్ చేసి అప్పుడు నిచ్చెన ఎక్కమని చెప్పాను.