ఐజీఏ నెఫ్రోపతీకి టార్పేయో: తొమ్మిది నెలల కోర్సు ఎంతవరకు పనికొస్తుంది?

బ్యూడెసొనైడ్ అనగానే ఆస్తమా ఇన్‌హేలర్ గుర్తుకొస్తుంది. ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీల్లో పేరుకుని వాటిని దెబ్బతీసే జబ్బు)కి ఇచ్చే టార్పేయోలో ఉన్నదీ అదే స్టెరాయిడ్, కానీ పని చేసే చోటు వేరు. గుళిక పైపూత కడుపులో కరగదు. చిన్నపేగు చివరికి చేరాకే లోపలి పూసలు మెల్లగా మందు వదులుతాయి. కిడ్నీ వడపోతల్లో పేరుకుపోయే లోపభూయిష్ట ఐజీఏకి మూలం ఎక్కువగా అక్కడి రోగనిరోధక కణాలేనన్నది దీని వెనకున్న ఆలోచన. రక్తంలోకి చేరిన మందులో ఎక్కువ భాగాన్ని లివర్ విరిచేస్తుంది. అందుకే సిర్రోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడటం) ఉన్నవాళ్లకు ఈ లెక్క తప్పుతుంది.

మోతాదు రోజుకు 16 మిల్లీగ్రాములు: 4 మి.గ్రా. గుళికలు నాలుగు, పొద్దున తిండికి గంట ముందు. విప్పకూడదు, నమలకూడదు, పూత పోతే ఇది మామూలు స్టెరాయిడే. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెట్టింపు వేయొద్దు. ఆపేటప్పుడు చివరి రెండు వారాలు 8 మి.గ్రా.కు దించాలి. ఉన్నట్టుండి మానేస్తే శరీరంలో సహజ స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అందుకోలేక నీరసం, బీపీ పడిపోవడం రావచ్చు.

ఫలితం మాటకొస్తే, 364 మందితో జరిగిన నెఫ్‌ఐజీఆర్డ్ ట్రయల్లో తొమ్మిది నెలలు మందిచ్చి, మరో పదిహేను నెలలు గమనించారు. ఆ రెండేళ్ల సగటున ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎన్ని మి.లీ. వడపోస్తున్నాయో చెప్పే అంచనా) మందు తీసుకున్నవారిలో 2.47, ప్లాసిబో (మందులేని ఉత్తి గుళిక) వారిలో 7.52 తగ్గింది. అమెరికాలో 2021లో వచ్చిన తాత్కాలిక అనుమతి 2023 డిసెంబరులో పూర్తి అనుమతి అయిందీ దీనివల్లే. మా లెక్కలో ఇది మంచి బ్రేకు, అంతే. మందు ఆపాక మూత్రంలో పోయే ప్రోటీన్ మళ్లీ పెరిగే అవకాశం ఉంది. మచ్చకట్టిన కిడ్నీని ఏ స్టెరాయిడూ వెనక్కి తేలేదు. ట్రయల్లోకి తీసుకున్నది కూడా ఈజీఎఫ్ఆర్ 35 నుంచి 90 మధ్య ఉన్నవాళ్లనే.

టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి కిడ్నీని కాపాడే బీపీ మందులు మానేసి దీన్ని వేసుకోవడం తప్పు. ఆ ట్రయల్లో అందరూ అలాంటి మందుల మీద ఉన్నవాళ్లే. ఉప్పు తగ్గించకపోతే వాటి ప్రభావం సగం వృథా. మన ఇళ్లలో ఆవకాయ, అప్పడాలే ముందు ఆగాలి.

దుష్ప్రభావాలు తేలికగా తీసుకునేవి కావు: కాళ్లవాపు, బీపీ, కండరాల పట్టివేతలు, మొటిమలు. షుగర్ ఉన్నవాళ్లు గ్లూకోజ్ తరచూ చూసుకోవాలి. మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు చేయించడం మన దేశంలో తప్పనిసరిగా పాటించాల్సిన జాగ్రత్త. కీటోకొనజోల్ (ఫంగస్ మందు), గ్రేప్‌ఫ్రూట్ (ఇది ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) రసం రక్తంలో ఈ మందు స్థాయిని పెంచేస్తాయి.

షాపులో పేగువాపు జబ్బుకు ఇచ్చే 3 మి.గ్రా. బ్యూడెసొనైడ్ అంటగడితే ఒప్పుకోకండి. పేరు ఒకటే, విడుదలయ్యే తీరు వేరు. ఖరీదు అందనప్పుడు డాక్టరుతో మాట్లాడాల్సిన ప్రత్యామ్నాయం తక్కువ మోతాదు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే మామూలు స్టెరాయిడ్. మన దేశ రోగులూ పాల్గొన్న ‘టెస్టింగ్’ (TESTING) అనే ట్రయల్లో ఈ తక్కువ మోతాదును శరీర బరువు కిలోకు రోజుకు 0.4 మి.గ్రా.తో మొదలుపెట్టారు. న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కూడా తోడిచ్చారు. అదే ట్రయల్లో ముందు వాడిన పెద్ద మోతాదుకు ఇన్‌ఫెక్షన్లు అంత ఎక్కువగా వచ్చాయి మరి.